అమెరికాలో ఎఫ్‌ఎంఎల్‌ఏ లీవ్: అర్హత చూసుకోవడం నుంచి తిరిగి ఉద్యోగంలో చేరేదాకా

నాన్నకు బైపాస్ అంటున్నారు, రెండు నెలలు ఇండియా వెళ్తే ఉద్యోగం ఉంటుందా? డెలివరీకి భర్తకు కూడా లీవ్ ఇస్తారా? కన్సల్టెన్సీలో ఉన్నవాళ్లకు ఇది వర్తిస్తుందా? అమెరికాలో పనిచేసే తెలుగువాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి. మూడింటికీ జవాబు 1993 నాటి ఫ్యామిలీ అండ్ మెడికల్ లీవ్ యాక్ట్‌లో ఉంది. అందరూ దాన్ని ఎఫ్‌ఎంఎల్‌ఏ అంటారు.

ఈ చట్టం జీతం ఇప్పించదు. 12 నెలల్లో 12 వారాల దాకా మీ ఉద్యోగాన్ని, హెల్త్ ఇన్సూరెన్స్‌ను కాపాడుతుంది, అంతే. అర్హత ఉండి కూడా చాలామంది ఈ రక్షణ పోగొట్టుకునేది రెండు చోట్ల: మొదటి మెయిల్‌లో, డాక్టర్ ఫారంలో. అందుకే కింద ఆ రెండింటి గురించే ఎక్కువ చెప్పాం.

1. ముందు మూడు లెక్కలు

మీకు అర్హత ఉందో లేదో ఇలా చూసుకోండి:

- ఈ కంపెనీలో చేరి మొత్తం 12 నెలలు అయిందా? వరుసగా ఉండనక్కర్లేదు. మధ్యలో మానేసి మళ్లీ చేరినా, విరామం ఏడేళ్లు దాటకపోతే పాత నెలలు సాధారణంగా కలుస్తాయి.
- లీవ్ మొదలయ్యే రోజుకు ముందు 12 నెలల్లో 1,250 గంటలు నిజంగా పనిచేశారా? వారానికి సగటున 24 గంటలన్నమాట. పీటీఓ (జీతంతో ఇచ్చే సెలవు), పండుగ సెలవు రోజులు ఇందులోకి రావు.
- మీ పనిచోటుకు 75 మైళ్ల లోపు కంపెనీకి కనీసం 50 మంది ఉద్యోగులున్నారా?

ఇంటి నుంచి పనిచేసేవాళ్లు మూడో లెక్క దగ్గర పొరపడతారు. మీ ఇల్లు పనిచోటు కాదు. మీరు ఏ ఆఫీసుకు రిపోర్ట్ చేస్తారో, పని ఎక్కడి నుంచి అప్పగిస్తారో ఆ ఆఫీసే లెక్క. అక్కడ 50 మంది ఉంటే చాలు.

ప్రభుత్వ ఆఫీసులు, స్కూళ్లు ఎంత చిన్నవైనా చట్టం కిందకు వస్తాయి. కానీ అక్కడ పనిచేసే వ్యక్తికి అర్హత రావాలంటే పై మూడు లెక్కలూ సరిపోవాలి.

హెచ్-1బి (కంపెనీ స్పాన్సర్ చేసే వర్క్ వీసా) ట్రాన్స్‌ఫర్ మీద కొత్త కంపెనీకి మారితే 12 నెలల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. అదే కన్సల్టెన్సీలో ఉంటూ క్లయింట్ మాత్రమే మారితే లెక్క ఆగదు.

ఏడాది నిండక ముందే బిడ్డ పుడితే నిరాశపడకండి. పుట్టిన రోజు నుంచి 12 నెలల లోపు ఎప్పుడైనా ఆ లీవ్ వాడుకోవచ్చు. తొలి వారాలు పీటీఓతోనో కంపెనీ పేరెంటల్ లీవ్‌తోనో గడిపి, ఏడాది నిండాక ఎఫ్‌ఎంఎల్‌ఏ అడగండి. 1,250 గంటలు అప్పటికి నిండుతాయో లేదో మాత్రం ముందే కూడి చూసుకోండి.

2. ఎవరి కోసం తీసుకోవచ్చు

మీ సొంత తీవ్ర అనారోగ్యం, బిడ్డ పుట్టడం, దత్తత లేదా ఫాస్టర్ కేర్, తీవ్ర అనారోగ్యంతో ఉన్న భార్య లేదా భర్త, బిడ్డ, తల్లి, తండ్రి. సైన్యంలో ఉన్నవారి కుటుంబాలకు వేరే నిబంధనలున్నాయి.

బిడ్డ పుట్టినప్పుడు తండ్రికీ తల్లితో సమానంగా 12 వారాలు వస్తాయి. అయితే ఇద్దరూ ఒకే కంపెనీలో ఉంటే, బిడ్డ పుట్టినందుకు, తల్లిదండ్రులను చూసుకునేందుకు ఇద్దరికీ కలిపి 12 వారాలే అని కంపెనీ అనవచ్చు. సొంత జబ్బుకు, జీవిత భాగస్వామి లేదా బిడ్డ జబ్బుకు ఆ పరిమితి లేదు.

మనవాళ్లను ఇబ్బంది పెట్టేది అత్తమామల సంగతి. ఫెడరల్ చట్టంలో వారు తల్లిదండ్రుల కింద లెక్కకు రారు. మామగారికి ఆపరేషన్ అయితే లీవ్ అడగాల్సింది మీ భార్య, తన కంపెనీలో. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, అమ్మమ్మలు కూడా జాబితాలో లేరు.

ఒక మినహాయింపు ఉంది. చిన్నప్పుడు మిమ్మల్ని పెంచి పెద్దచేసింది అమ్మమ్మో పెద్దమ్మో బాబాయో అయితే, వారు తల్లి లేదా తండ్రి స్థానంలో ఉన్నట్టే. రక్తసంబంధం గానీ దత్తత పత్రం గానీ అక్కర్లేదు. కంపెనీ ఆధారం అడిగితే, పెంపకం వివరాలతో మీరు రాసిచ్చే మామూలు వివరణ సరిపోతుంది.

మన దగ్గర ఎక్కువమందికి అవసరమైన విషయం మరొకటి: తల్లిదండ్రులు అమెరికాలోనే ఉండాలని చట్టం అనలేదు. విజయవాడ ఆసుపత్రిలో ఉన్న అమ్మ కోసం కూడా లీవ్ తీసుకోవచ్చు.

3. ఏ జబ్బుకు వర్తిస్తుంది

ఆసుపత్రిలో ఒక రాత్రి ఉన్నా సరిపోతుంది. చేరకపోతే, మూడు పూర్తి రోజులకు మించి వరుసగా పనికి లేదా రోజువారీ పనులకు లేవలేని స్థితి ఉండి, దానికి వైద్యం కూడా కొనసాగాలి. అంటే 30 రోజుల్లో రెండుసార్లు వైద్యుణ్ని చూడటం, లేదా ఒకసారి చూసి డాక్టర్ రాసిన మందులు వాడుతూ ఉండటం. రెండు సందర్భాల్లోనూ మొదటి విజిట్ ఏడు రోజుల లోపు జరగాలి.

ఆస్తమా, షుగర్, మూర్ఛ లాంటి దీర్ఘకాలిక జబ్బులకు ఏడాదికి కనీసం రెండు విజిట్లు ఉంటే చాలు. కీమో, డయాలసిస్, గర్భిణిగా ఉన్నప్పటి చెకప్‌లు కూడా వస్తాయి. మామూలు జలుబు, ఫ్లూ రావు.

4. కన్సల్టెన్సీ ద్వారా పనిచేస్తుంటే

మీకు ఇద్దరు యజమానులు ఉండవచ్చు: జీతమిచ్చే కన్సల్టెన్సీ, పని చేయించుకునే క్లయింట్. లీవ్ మంజూరు, నోటీసులు, ఇన్సూరెన్స్, తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవడం మొదటివారి బాధ్యత. కాబట్టి దరఖాస్తు కన్సల్టెన్సీకే పంపాలి. క్లయింట్ మేనేజర్ "సరే, వెళ్లి రండి" అన్నంత మాత్రాన రక్షణ మొదలైనట్టు కాదు.

క్లయింట్‌కూ బాధ్యత ఉంది. మీరు లీవ్ అడిగారని మీమీద చర్య తీసుకోకూడదు. ఆ కన్సల్టెన్సీ మనుషుల్నే ఇంకా వాడుకుంటూ ఉండి, కన్సల్టెన్సీ మిమ్మల్ని అదే చోటికి తిరిగి పంపితే, తీసుకోవాలి.

75 మైళ్ల లెక్కకు మీ పనిచోటు మామూలుగా కన్సల్టెన్సీ ఆఫీసు. ఒకే క్లయింట్ ఆఫీసులో కనీసం ఏడాది ఉండి పనిచేస్తే ఆ క్లయింట్ ఆఫీసే మీ పనిచోటు అవుతుంది.

5. మొదటి మెయిల్

ముందే తెలిసిన అవసరమైతే (డెలివరీ, తేదీ ఖరారైన ఆపరేషన్) కనీసం 30 రోజుల ముందు చెప్పాలి. హఠాత్తుగా వస్తే, తెలిసిన రోజే లేదా మర్నాటి పనిదినాన.

మొదటిసారి అడిగేటప్పుడు చట్టం పేరు ఎత్తనక్కర్లేదు. అయినా ఎత్తండి. తరువాత "ఇది మామూలు వెకేషన్ అనుకున్నాం" అనే మాటకు చోటు ఉండదు.

"ఒంట్లో బాలేదు, రాలేను" అనే మెయిల్ సరిపోదు. "ఫ్యామిలీ ఎమర్జెన్సీ, ఇండియా వెళ్తున్నాను" అనేది ఇంకా పనికిరాదు, ఎందుకంటే అందులో రోగి ఎవరు, జబ్బేమిటి, మీ అవసరం ఏమిటి అనేవి ఒక్కటీ లేవు. ఇవి రాయండి:

- ఎవరికి, మీకు ఏమవుతారు
- ఆసుపత్రిలో చేరిక లేదా చికిత్స ఎప్పుడు (రోగం పేరు ఇప్పుడే అక్కర్లేదు)
- మీరు ఏ పనులు చూసుకోవాలి
- లీవ్ ఎప్పటి నుంచి, సుమారు ఎప్పటి దాకా
- ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద అడుగుతున్నానన్న ఒక వాక్యం
- కావాల్సిన ఫారాలు పంపమని

నమూనా: "మా అమ్మగారికి మార్చి 10న గుండె ఆపరేషన్. పది రోజులు ఆసుపత్రిలో ఉంటారు. తరువాత సుమారు ఐదు వారాలు ఆమె స్నానం, మందులు, తిండి, డాక్టర్ విజిట్లు నేను చూసుకోవాలి. మార్చి 7 నుంచి ఏప్రిల్ 25 దాకా ఎఫ్‌ఎంఎల్‌ఏ లీవ్ కోరుతున్నాను. అవసరమైన ఫారాలు పంపగలరు."

మేనేజర్‌కు, హెచ్‌ఆర్‌కు ఇద్దరికీ పంపండి. కంపెనీకి లీవ్ పోర్టల్ ఉంటే అక్కడా పెట్టండి. కాపీ మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ చేయి జారాక ఆ మెయిల్ తెరవలేరు.

6. కంపెనీ నుంచి రావాల్సినవి

మీ మెయిల్ అందిన ఐదు పనిదినాల్లో, అర్హత ఉందో లేదో చెబుతూ హక్కులు, బాధ్యతల నోటీసు రావాలి. చాలా కంపెనీలు డబ్ల్యూహెచ్-381 ఫారం వాడతాయి. అర్హత లేదని అంటే కనీసం ఒక కారణం చెప్పాలి.

డాక్టర్ ఫారం మీరిచ్చి, తగిన సమాచారం చేరాక మరో ఐదు పనిదినాల్లో డెసిగ్నేషన్ నోటీసు రావాలి, మామూలుగా డబ్ల్యూహెచ్-382. ఈ లీవ్ ఎఫ్‌ఎంఎల్‌ఏ కింద లెక్కించామని అందులో ఉండాలి. చాలామంది "హెచ్‌ఆర్ ఓకే అన్నారు" అన్న ధైర్యంతో ఇది అడగకుండానే విమానం ఎక్కేస్తారు. అడగండి.

కంపెనీ 12 నెలల్ని ఎలా లెక్కిస్తుందో కూడా కనుక్కోండి. క్యాలెండర్ సంవత్సరమా, వేరే ఏదైనా స్థిరమైన ఏడాదా, మొదటి లీవ్ రోజు నుంచి ముందుకా, లేక వెనక్కి చూసే రోలింగ్ లెక్కా? రోలింగ్ అయితే నిరుడు అక్టోబర్‌లో తీసుకున్న నాలుగు వారాలు ఈ మార్చిలో మీ కోటాలోంచి పోతాయి. క్యాలెండర్ అయితే పోవు. కంపెనీ ఏ పద్ధతీ ఎంచుకోకపోతే మీకు లాభించే పద్ధతే వర్తిస్తుంది.

7. డాక్టర్ సర్టిఫికేషన్: అసలు చిక్కు ఇక్కడే

మీ జబ్బుకు డబ్ల్యూహెచ్-380-ఈ, కుటుంబ సభ్యుల జబ్బుకు డబ్ల్యూహెచ్-380-ఎఫ్. కంపెనీ అడిగిన రోజు నుంచి కనీసం 15 క్యాలెండర్ రోజుల గడువు ఇవ్వాలి. డాక్టర్ ఫీజు మీదే.

ఇండియాలో ఉన్న తల్లిదండ్రులకు అక్కడి డాక్టర్ నింపిన ఫారం చెల్లుతుంది. ఆ దేశ చట్టం ప్రకారం ప్రాక్టీస్ చేస్తున్న వైద్యుడి సర్టిఫికేషన్‌ను కంపెనీ అంగీకరించాలి. అమెరికా లైసెన్సున్న డాక్టరే కావాలని పట్టుబట్టడం తప్పు. ఫారం ఇంగ్లీషులో లేకపోతే, కంపెనీ అడిగినప్పుడు అనువాదం మీరే ఇవ్వాలి.

ఇండియా ఆసుపత్రుల్లో ఈ ఫారం చాలామంది చూసి ఉండరు. డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చి "ఇది చాలు" అంటారు. చాలదు. అందులో రోగం ఉంటుంది, మీ అవసరం ఉండదు. ఫారం ముందే ప్రింట్ చేసి, ఎక్కడెక్కడ నింపాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇవ్వండి. రౌండ్స్‌లో ఉన్న డాక్టర్‌ను కాకుండా ఓపీ సమయంలో కలవండి.

నింపాక సంతకం అయ్యేలోపే ఇవి చూడండి:

- డాక్టర్ పేరు, స్పెషాలిటీ, ఆసుపత్రి చిరునామా, ఫోన్ ఉన్నాయా
- జబ్బు మొదలైన సుమారు తేదీ ఉందా
- ఎంతకాలం ఉంటుందో అంకెల్లో ఉందా
- రోగికి ఏ సాయం అవసరమో ఉందా
- అప్పుడప్పుడూ విజిట్లుంటే నెలకు ఎన్నిసార్లు, ఒక్కోసారి ఎన్ని రోజులు
- సంతకం, తేదీ

ఎక్కువ ఫారాలు తిరిగి వచ్చేది కాలవ్యవధి దగ్గరే. "తెలియదు", "అవసరమైనంత కాలం", "జీవితాంతం" అని రాస్తే హెచ్‌ఆర్‌కు లెక్క తేలదు. "సుమారు ఆరు వారాలు" అని రాయమనండి. అంచనాయే అడుగుతున్నారు, వాగ్దానం కాదు.

మీరు నింపే భాగంలోనూ వివరం ఉండాలి. చూసుకోవడం అంటే ఒళ్లు తుడవడం, మందులివ్వడం, వండి పెట్టడం, ఆసుపత్రికి తిప్పడమే కాదు, పక్కన ఉండి ధైర్యం చెప్పడం కూడా చట్టం గుర్తించిన పనే. "అక్కడ మీ తమ్ముడున్నాడు కదా" అని తిరస్కరించడానికి వీల్లేదు. చూసుకునేవారు మీరొక్కరే కానక్కర్లేదు. అయితే రోగి దగ్గర ఉండి చూసుకోవాలి. పొలం రిజిస్ట్రేషన్, ఇల్లు అమ్మకం లాంటి పనులకు ఈ లీవ్ వాడితే రక్షణ ఉండదు.

ఫారంలో లోపం ఉంటే కంపెనీ అదేమిటో రాతపూర్వకంగా చెప్పి, సరిచేయడానికి ఏడు క్యాలెండర్ రోజులివ్వాలి. 15 రోజుల్లో డాక్టర్ దొరక్కపోతే గడువు దాటకముందే హెచ్‌ఆర్‌కు రాయండి: ఏ రోజు వెళ్లారు, మళ్లీ అపాయింట్‌మెంట్ ఎప్పుడు. నిజాయితీగా ప్రయత్నించినవారికి అదనపు సమయం ఇవ్వాలి. మౌనంగా ఉంటే లీవ్‌ను నిరాకరించే హక్కు కంపెనీకి వస్తుంది.

స్పష్టత కోసం హెచ్‌ఆర్ డాక్టర్‌ను సంప్రదించవచ్చు. మీ నేరుగా పైనున్న మేనేజర్ ఫోన్ చేయకూడదు. ఫారం మీద అనుమానముంటే కంపెనీ తన ఖర్చుతో రెండో అభిప్రాయం అడగవచ్చు.

8. జీతం, పీటీఓ, ఇన్సూరెన్స్

మిగిలిన పీటీఓ వాడమని కంపెనీ అనవచ్చు, మీరూ కోరవచ్చు. రెండూ ఏకకాలంలో నడుస్తాయి. రెండు వారాల పీటీఓ వాడితే మొత్తం రక్షణ 14 వారాలు కాదు, 12 వారాలే. అందులో రెండు వారాలకు జీతం వస్తుంది.

కొన్ని రాష్ట్రాల్లో లీవ్ సమయంలో జీతంలో కొంత భాగం ఇచ్చే పథకం ఉంటుంది; దాని నుంచి డబ్బు వస్తున్న వారాల్లో పీటీఓ వాడి తీరాలని కంపెనీ బలవంతం చేయలేదు. షార్ట్ టర్మ్ డిసెబిలిటీ (జబ్బుతో కొన్నాళ్లు పనిచేయలేనప్పటి ఇన్సూరెన్స్) డబ్బిస్తుంది, ఉద్యోగానికి రక్షణ ఇవ్వదు. రెండింటికీ విడివిడిగా దరఖాస్తు పెట్టాలి.

హెల్త్ ఇన్సూరెన్స్ మునుపటి షరతులతోనే కొనసాగాలి. జీతం ఆగాక మీ వాటా ప్రీమియం కట్ అవ్వదు కాబట్టి, ఎలా, ఏ తేదీకి కట్టాలో ముందే రాతలో తెచ్చుకోండి. 30 రోజులకు మించి ఆలస్యమైతే, 15 రోజుల ముందు నోటీసిచ్చి కవరేజీ ఆపే వీలు కంపెనీకి ఉంది. ఇండియాలో ఉండగా ఆ నోటీసు అపార్ట్‌మెంట్ మెయిల్‌బాక్స్‌లో పడి ఉంటుంది. ఆటోపే పెట్టండి.

9. హెచ్-1బి వాళ్లకు అదనంగా

ఈ హక్కుకు వీసాతో సంబంధం లేదు. మీ కోరిక మీద, పనికి సంబంధం లేని కారణంతో తీసుకున్న లీవ్‌లో హెచ్-1బి జీతం ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీకి ఉండదు. అంటే పేస్టబ్స్‌లో (జీతం స్లిప్పుల్లో) ఖాళీ వస్తుంది. రేపు ఎక్స్‌టెన్షన్, ట్రాన్స్‌ఫర్, స్టాంపింగ్ సమయంలో ఆ ఖాళీకి జవాబు మీ డెసిగ్నేషన్ నోటీసే. భద్రంగా ఉంచండి.

దీనికి రివర్స్ కేసు గురించి జాగ్రత్త. ప్రాజెక్టు అయిపోయి బెంచ్ మీద ఉంటే కన్సల్టెన్సీ జీతం ఇవ్వాలి. అది తప్పించుకోవడానికి "వ్యక్తిగత కారణాలతో లీవ్ కోరుతున్నాను" అనే లెటర్ మీద సంతకం పెట్టమంటే పెట్టకండి.

వీసా స్టాంపు గడువు అయిపోయి ఉంటే, అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూసే రోజులు ఎఫ్‌ఎంఎల్‌ఏ కిందకు రావు. టికెట్ కొనే ముందే స్లాట్లు చూడండి. అమెరికా బయట గడిపిన పూర్తి రోజుల్ని హెచ్-1బి ఆరేళ్ల పరిమితిలో తిరిగి కోరవచ్చు, కాబట్టి బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టు ముద్రల కాపీలు దాచండి.

10. ముక్కలుగా తీసుకోవడం

వారానికి మూడు డయాలసిస్‌లు, నెలకో కీమో లాంటివాటికి 12 వారాలు ఒకేసారి తీసుకోనక్కర్లేదు. వారానికి 40 గంటలైతే మీ కోటా 480 గంటలు. దాన్ని ఇంటర్మిటెంట్ లీవ్‌గా గంటల్లో వాడవచ్చు. కంపెనీ లెక్కించే కనీస ముక్క గంటకు మించకూడదు. బిడ్డతో గడిపే లీవ్‌ను మాత్రం కంపెనీ ఒప్పుకుంటేనే ముక్కలు చేయగలరు.

11. లీవ్‌లో ఉండగా

ఫలానా ఫైలు ఎక్కడుందని చిన్న ఫోన్ రావడం తప్పు కాదు. రోజూ స్టాండప్‌కు (టీమ్ మీటింగ్‌కు) రమ్మనడం, పని టికెట్లు క్లోజ్ చేయమనడం హక్కులో జోక్యమే. మీరూ మొహమాటానికి పోయి పనిచేయకండి. పనిచేసిన సమయాన్ని ఎఫ్‌ఎంఎల్‌ఏ లీవ్‌గా లెక్కించకూడదు, పైగా "ఇండియా నుంచి పనిచేస్తున్నారు" అనే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

తేదీలు మారితే తెలిసిన రెండు పనిదినాల్లో చెప్పండి. చెప్పడం కష్టమైన విషయం ఒకటుంది: రోగి మరణిస్తే, చూసుకునే అవసరంతో పాటే ఈ లీవ్ ముగుస్తుంది. కర్మకాండల రోజులకు కంపెనీ బిరీవ్‌మెంట్ లీవ్, పీటీఓ విడిగా అడగాలి. ఆ దుఃఖంలో ఎవరికీ గుర్తుండదు, ఒక చిన్న మెయిల్ మీ తరఫున భార్యో భర్తో పంపినా సరే.

12. తిరిగి చేరడం

అదే ఉద్యోగం, లేదా దానికి సమానమైనది ఇవ్వాలి: అదే జీతం, బెనిఫిట్లు, పోలిన బాధ్యతలు, దగ్గరలోని పనిచోటు. జీతం అంతే ఉంచి హోదా తగ్గిస్తే సమానం కాదు.

సొంత జబ్బుకు తీసుకుంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అడగవచ్చు. కానీ ఆ సంగతి డెసిగ్నేషన్ నోటీసులోనే చెప్పి ఉండాలి.

లేఆఫ్‌కు ఈ చట్టం అడ్డుకట్ట కాదు. మీరు డ్యూటీలో ఉన్నా ఆ ఉద్యోగం పోయేదే అయితే కంపెనీ తొలగించవచ్చు. అలా పోయేదేనని చూపించాల్సింది మాత్రం కంపెనీయే.

13. అర్హత లేకపోతే

రాష్ట్ర చట్టం చూడండి. కాలిఫోర్నియాలో ఐదుగురు ఉద్యోగులుంటే చాలు, కంపెనీకి కుటుంబ లీవ్ చట్టం వర్తిస్తుంది. అత్తమామలు, తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మలు కూడా అందులోకి వస్తారు. న్యూయార్క్, న్యూజెర్సీ చట్టాల్లోనూ అత్తమామలకు చోటుంది, జీతంలో కొంత భాగం ఇచ్చే పథకాలూ ఉన్నాయి. టెక్సాస్‌లో, జార్జియాలో ప్రైవేటు ఉద్యోగులకు అలాంటి తప్పనిసరి పథకం లేదు.

గర్భిణులకు 15 మంది ఉద్యోగులున్న కంపెనీలో కూడా 2023 నుంచి అమల్లో ఉన్న ప్రెగ్నెంట్ వర్కర్స్ ఫెయిర్‌నెస్ యాక్ట్ ఉంది. ఇందులో ఏడాది నిండాలన్న షరతు లేదు. సొంత జబ్బు 12 వారాల్లో తగ్గకపోతే ఏడీఏ (వైకల్యం ఉన్నవారి హక్కుల ఫెడరల్ చట్టం) కింద అదనపు లీవ్ అడగవచ్చు.

14. కంపెనీ అడ్డుపడితే

లీవ్ రోజుల్ని గైర్హాజరు పాయింట్లలో కలపడం, అడిగిన వారానికే రేటింగ్ తగ్గించడం, "ఇప్పుడు వెళ్తే తిరిగి రాలేవు" అనడం. ఏది జరిగినా తేదీ, మాట, విన్నవారు రాసి పెట్టుకోండి. ముందు హెచ్‌ఆర్‌కు మెయిల్ రాసి జవాబు అడగండి.

కదలకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు 1-866-487-9243 మీద ఫోన్ చేయవచ్చు. ఫీజు లేదు. ఈ ఫిర్యాదు చేయకుండా నేరుగా కోర్టుకూ వెళ్లవచ్చు. దావాకు గడువు ఉల్లంఘన జరిగిన రోజు నుంచి రెండేళ్లు, కంపెనీ తెలిసి చేసిందని తేలితే మూడేళ్లు. వేజ్ అండ్ అవర్‌కు ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన ఆ గడియారం ఆగదు.